బెంగళూరుకి కుక్కతో, పిల్లితో ఇల్లు మారుతున్నారా? ఏ ఇల్లు మేలు, ఏ దారి మేలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మా చుట్టాల్లో, పాత ఆఫీసు స్నేహితుల్లో ఎవరికైనా బెంగళూరులో ఉద్యోగం వచ్చి, ఇంట్లో కుక్కో పిల్లో ఉందంటే నాకు ఫోన్ రావడం మామూలైపోయింది. అందరూ మొదట అడిగేది ఒకటే. "అక్కా, లడ్డూని ట్రైన్‌లో తెచ్చావా, కార్లో తెచ్చావా?" లడ్డు మా కుక్క. నేను తిరిగి అడిగేదీ ఒకటే. "ఇల్లు చూశారా?"

చాలామంది చూసి ఉండరు. ముందు వచ్చేస్తే ఇల్లు ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకుంటారు. ప్రయాణం పది గంటలు, అగ్రిమెంట్ 11 నెలలు. అయినా మన టెన్షన్ అంతా ఆ పది గంటల చుట్టూనే తిరుగుతుంది. మూడేళ్ల కిందట కూకట్‌పల్లి నుంచి వచ్చేటప్పుడు నేనూ అలాగే చేశాను. లడ్డు 18 కిలోల ఊరకుక్క, చిట్టి నాలుగేళ్ల పిల్లి. కార్లో ఎవరు ఏ పక్క కూర్చోవాలి, ఎక్కడెక్కడ ఆగాలి అని నెల రోజులు లెక్కలు వేశాను. ఇల్లు మాత్రం ఫోన్‌లో వీడియో చూసి ఖాయం చేసేశాం. మారతహళ్లి వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఏడో అంతస్తు.

లడ్డు అప్పటిదాకా లిఫ్ట్ ఎక్కి ఎరగడు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే నేలకీ లిఫ్ట్‌కీ మధ్య వేలెడు సందు ఉంటుంది చూడండి, అందులోంచి చల్లగాలి పైకి కొడుతుంది, కింద చీకటి. మనం దాన్ని పట్టించుకోం. లడ్డు అక్కడ ముక్కు పెట్టి వాసన చూశాడు. ముందుకాళ్లు రెండూ చాపి బిగించేశాడు. గోళ్లు టైల్స్ మీద కరకరమన్నాయి గానీ వాడు అడుగు లోపల పెట్టలేదు. ఏడంతస్తులు మెట్ల మీద దింపాం. కింద చూస్తే కాంపౌండ్ అంతా పేవర్ బ్లాకులు, మట్టి ఉన్న చోటల్లా పెంపుడు జంతువులు రాకూడదని బోర్డు. మట్టి మీద తప్ప కాలెత్తని కుక్క. పొద్దున పదిన్నరకి అనంతపురం దగ్గర పోసినవాడు, మళ్లీ రాత్రి పదకొండు దాటాక గేటు బయట ఖాళీ సైట్లో గడ్డి కనబడితే అప్పుడు పోశాడు. ఆ రోజు నాకు బాగా అర్థమైంది, నేను తప్పు ప్రశ్న మీద నెల రోజులు ఖర్చు పెట్టానని.

ఏడాది తర్వాత కగ్గదాసపురలో ఒక ఇండిపెండెంట్ ఇంటి మొదటి అంతస్తుకి మారాం. రెండు రకాల ఇళ్లూ చూశాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు ఇల్లు

గేటెడ్ అపార్ట్‌మెంట్‌లో మంచి చాలా ఉంది. గేటు దగ్గర ఎప్పుడూ సెక్యూరిటీ ఉంటాడు కాబట్టి చేతిలో తాడు జారినా కుక్క రోడ్డు మీదికి పోదు. లోపలే నడిపించుకోవచ్చు. వీధికుక్కలతో గొడవ తక్కువ. కరెంట్ పోయినా జనరేటర్ ఉంటుంది, లిఫ్ట్ ఆగదు. ముసలి లాబ్రడార్‌కో, నడుము కీళ్లు పట్టేసిన జర్మన్ షెపర్డ్‌కో ఇది చాలా పెద్ద విషయం. మెట్లు ఎక్కి దిగడం వాటికి నరకం.

ఇబ్బందులన్నీ మనుషులతో వస్తాయి. కుక్కలు సర్వీస్ లిఫ్ట్‌లోనే రావాలంటారు, పార్కులోకి రాకూడదంటారు, మూతికి బుట్ట కట్టాలంటారు. ఇక్కడ చట్టం సంగతి తెలిసి ఉంటే ధైర్యంగా ఉంటుంది. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి లేదు. మెజారిటీ ఓటు వేసి తీర్మానం చేసినా అది చెల్లదు. కుక్క సైజు పేరు చెప్పో, మొరుగుతుందనో వెళ్లగొట్టడానికి వీల్లేదు. లిఫ్ట్ వాడొద్దనడానికి, దానికోసం విడిగా డబ్బు అడగడానికి కూడా లేదు. ఫ్లాట్‌కి ఒక్క కుక్కే అని 2018లో బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) తెచ్చిన నిబంధనను ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తు చేస్తుంటారు. జనం గట్టిగా వ్యతిరేకించడంతో దాన్ని అప్పట్లోనే పక్కన పెట్టారు. 2025లో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కుక్క లైసెన్స్ గురించి మీ వీధి ఏ కార్పొరేషన్ కిందకి వస్తుందో చూసుకుని అక్కడే అడగండి.

చట్టం మన వైపు ఉంది కదా అని దిగిన రోజే వాదనకి దిగితే మాత్రం నష్టపోయేది మనమే. రోజూ ఎదురుపడే మనుషులు. లిఫ్ట్‌లో చిన్నపిల్ల భయపడుతుంటే ఒక లిఫ్ట్ వదిలేయండి. చేతిలో పేపరు, కవరు లేకుండా కుక్కని కిందకి దింపకండి. మా పాత అపార్ట్‌మెంట్‌లో కుక్కల మీద వచ్చిన ప్రతి గొడవా ఎవరో ఎత్తకుండా వదిలేసిన పెంట దగ్గరే మొదలైంది.

ఫ్లాట్ చూడడానికి వెళ్లినప్పుడు బ్రోకర్ మాట నమ్మి వచ్చేయకండి. "పెట్స్ ఓకే సార్" అని అందరికీ చెబుతాడు. కింద కుక్కని తిప్పుతున్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఐదు నిమిషాలు ఆపి మాట్లాడండి. ఏ లిఫ్ట్, ఏ టైములో నడిపిస్తారు, ఫైన్లు ఏమైనా వేశారా అని. రూల్స్ పుస్తకంలో లేని సంగతులన్నీ వాళ్ల దగ్గరే తెలుస్తాయి.

పదీ ఇరవై ఫ్లాట్లుండే చిన్న అపార్ట్‌మెంట్లు ఇంకో రకం. బీటీఎం, మున్నేకొళాల, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది వీటిలోనే. రూల్స్ తక్కువ, అద్దె కూడా కాస్త తక్కువ. అయితే వాచ్‌మన్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. డెలివరీ కుర్రాడు గేటు తీసి అలాగే వదిలేసి పోతాడు. తలుపు తీస్తే దూసుకుపోయే అలవాటున్న కుక్క అయితే ఇక్కడ మీకు రోజూ గుండెదడే.

ఇండిపెండెంట్ ఇంట్లో ఒక అంతస్తు అద్దెకి తీసుకుంటే, ఒప్పించాల్సింది ఒక్క మనిషినే. కింద ఓనర్ ఉంటారు. ఆవిడకో ఆయనకో నచ్చితే అసోసియేషన్ లేదు, నోటీసుల్లేవు. మొదటి అంతస్తు అంటే పదహారు, పద్దెనిమిది మెట్లు. మేడ మీద సాయంత్రం కాసేపు వదలొచ్చు. మొరిగితే గోడ అవతల నాలుగు కుటుంబాలు లేవు. లడ్డు లాంటి పిరికి ఊరకుక్కకి నేనైతే ఇదే మేలంటాను.

దీంట్లో కష్టం గేటు బయట ఉంటుంది. ప్రతి వీధికీ ఒక కుక్కల గుంపు ఉంటుంది, ఆ వీధి వాటిది. కొత్త కుక్క వస్తే ఊరుకోవు. అందుకే ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఆ వీధికుక్కల చెవులు చూడండి. ఒక చెవి కొస కత్తిరించి ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదిలిపెట్టాలి. నాలుగు కుక్కల్లో నాలుగింటికీ చెవి కత్తిరించి ఉంటే ఆ గుంపు కాస్త నిలకడగా ఉంటుంది. పిల్లలతో ఉన్న తల్లికుక్క ఉంటే మాత్రం ఆ వీధిలో రెండు నెలలు కష్టమే. వాటికి రోజూ అన్నం పెట్టేవాళ్లు ఎవరో కనుక్కుని పరిచయం చేసుకోండి. మా వీధిలో ఇస్త్రీ బండి అతను పెడతాడు. లడ్డూని అతని పక్కన పది రోజులు నిలబెట్టాక గుంపు మొరగడం మానేసింది.

ఇక పిల్లి. ఇక్కడ నా సలహా తలకిందులు. పిల్లికి గేటెడ్ అపార్ట్‌మెంటే మేలు, బాల్కనీలకి నెట్ కడితేనే. దానికి మట్టి అక్కర్లేదు, లిఫ్ట్ భయం లేదు, వాకింగ్ లేదు. ఇండిపెండెంట్ ఇంట్లో అయితే కిటికీ, మేడ, పక్కింటి సన్‌షేడ్, అక్కడి నుంచి రోడ్డు, ఇలా దానికి వెయ్యి దారులు. పై అంతస్తు నుంచి పడినా పిల్లికి ఏమీ కాదని మనవాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. దవడలు విరుగుతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పావురాల కోసం కట్టే మామూలు నైలాన్ నెట్‌ని పిల్లి కొరికేయగలదు, కాబట్టి నెట్ కట్టేవాడికి పిల్లి కోసం అని ముందే చెప్పి గట్టి రకం అడగండి. హాలు బాల్కనీకి అందరూ కడతారు, వాషింగ్ మెషీన్ పెట్టే యుటిలిటీని వదిలేస్తారు. బాత్రూమ్ వెంటిలేటర్‌లో గాజుపలకలు ఒకటో రెండో ఊడిపోయి ఉంటాయి, అవీ చూసుకోండి. చిట్టి తల పట్టిన ప్రతి సందులోంచీ ఒళ్లంతా పట్టించేది.

రెండూ ఉన్న ఇంట్లో? ఎవరికి ఎక్కువ ఇబ్బందో వాళ్లని బట్టి ఇల్లు, రెండోవాళ్లకి తగినట్టు ఆ ఇంట్లో ఏర్పాటు. మేం లడ్డు కోసం ఇండిపెండెంట్ ఇల్లు తీసుకున్నాం, చిట్టి కోసం కిటికీలన్నిటికీ మెష్ వేయించాం.

ఓనర్‌తో మాట

అసోసియేషన్ వేరు, ఓనర్ వేరు. అసోసియేషన్ నిషేధించలేదు గానీ, తన ఇల్లు కుక్క ఉన్నవాళ్లకి ఇవ్వనని ఓనర్ అగ్రిమెంట్‌కి ముందే చెబితే మనం చేయగలిగింది లేదు. దాచిపెట్టి దిగడం కన్నా ఆ ఇల్లు వదులుకోవడమే మంచిది. ఈ సంగతి నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఒక ఇంటి విషయంలో "ఓనర్‌కి నేను చెప్పాను" అన్న బ్రోకర్‌ని నమ్మి టోకెన్ ఇచ్చాం. అగ్రిమెంట్ రోజు ఓనర్‌కి ఆ సంగతే తెలియదని బయటపడింది. టోకెన్ తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది.

అందుకే ఓనర్‌తో మీరే మాట్లాడండి. ఫోటో పంపండి, వయసు, టీకాల పుస్తకం, ఆపరేషన్ అయిందా లేదా చెప్పండి. పాత ఓనర్ నంబరు ఇస్తానంటే ఇంకా మంచిది. ఒప్పుకున్నాక అగ్రిమెంట్‌లో "ఒక కుక్క, ఒక పిల్లి ఉంటాయి, ఓనర్‌కి సమ్మతమే" అని ఒక్క వాక్యం రాయించండి. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ. దిగిన రోజే తలుపుల కింది భాగం, వార్డ్‌రోబ్‌లు, కిటికీ చట్రాలు దగ్గరగా ఫోటోలు తీసి ఓనర్‌కి పంపి ఉంచండి. పాత గీతలు మీ కుక్క ఖాతాలో పడకుండా ఉంటాయి.

దారి: కారా, రైలా, విమానమా

ఇల్లు ఖాయమైతే ఇది తేలిక.

హైదరాబాద్ నుంచి జాతీయ రహదారి 44 మీద దాదాపు 570 కిలోమీటర్లు. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ దాటి బాగేపల్లి దగ్గర కర్ణాటకలోకి వచ్చి, చిక్కబళ్లాపుర, దేవనహళ్లి మీదుగా ఊళ్లోకి. కుక్కకైనా పిల్లికైనా నా ఓటు సొంత కారుకే. మన వాసన, మన గొంతు, మనకి కావలసిన చోట ఆగే వీలు. కర్నూలు, అనంతపురం ఎండ తెలిసిందే కాబట్టి వేసవిలో అయితే తెల్లవారుజామున నాలుగుకే బయల్దేరాలి. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి పెట్టొద్దు, నీళ్లు మాత్రం కొంచెం కొంచెం ఇస్తూ ఉండాలి. కుక్కకి సీటు బెల్టు తగిలించేది మెడపట్టీకి కాదు, ఛాతీకి వేసే హార్నెస్‌కి. ఆగినప్పుడు తాడు చేతికి చుట్టుకున్నాకే తలుపు తీయాలి. హైవే పక్కన లారీ హారన్‌కి బెదిరి దూకిన కుక్క మళ్లీ దొరకడం కష్టం. టీ తాగి వస్తాం కదా అని బండిలో వదిలి అద్దాలు ఎక్కించొద్దు. ఎండలో మూసి ఉన్న కారు లోపల పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

పిల్లికి గట్టి ప్లాస్టిక్ బోను, పైనుంచి కూడా తెరుచుకునేది తీసుకోండి. రెండు వారాల ముందే తెచ్చి హాల్లో పెట్టి, అందులోనే తిండి పెట్టడం అలవాటు చేయండి. చిట్టి నాలుగో రోజుకి దాంట్లో నిద్రపోయింది. దారిలో పైన పాత చున్నీ కప్పితే మహబూబ్‌నగర్ దాటేదాకా అరిచింది, తర్వాత ఊరుకుంది. ఆగిన చోట బోను తలుపు తీయనే తీయొద్దు.

కారు లేకపోతే క్యాబ్. డ్రైవర్‌కి ముందు రోజు రాత్రే కుక్క ఉందని చెప్పండి, సీటు మీద దుప్పటి మీదే వేయండి. పొద్దున వచ్చాక చెబితే కొందరు ఒప్పుకోరు, ఆ టైములో ఇంకో బండి దొరకదు.

రైల్లో అయితే కుక్కని మనతో ఉంచుకునే వీలు ఫస్ట్ ఏసీలోనే. ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మన పేరున ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. మీ రైలుకి ఫస్ట్ ఏసీ బోగీ ఉందో లేదో ముందు చూసుకోండి, అన్ని రైళ్లకీ ఉండదు. టికెట్ తీసుకున్నా కూపే వస్తుందో లేదో చార్ట్ తయారయ్యాకే తెలుస్తుంది కాబట్టి, కూపే కావాలని రైల్వేకి ముందే అర్జీ పెట్టుకోవాలి. ప్రయాణం రోజు రెండు మూడు గంటల ముందు పార్సిల్ ఆఫీసుకి వెళ్లి, టీకాల పుస్తకం, డాక్టర్ సర్టిఫికెట్ చూపించి కుక్కకి విడిగా బుకింగ్ చేయించాలి. బుక్ చేయకుండా ఎక్కిస్తే భారీగా జరిమానా. ఇంకో దారి గార్డు పక్కనుండే బ్రేక్‌వ్యాన్‌లో కుక్కల పెట్టె. ఖర్చు తక్కువే గానీ, రాత్రంతా ఇనుప పెట్టెలో, ఆ చప్పుడులో, మనం పెద్ద స్టేషన్లలో మాత్రమే చూడగలిగేలా ఉంచడం నాకు మనసొప్పదు. వేరే ఏ దారీ లేకపోతే తప్ప అటు పోకండి.

విమానం గంటన్నరలోపే. పిల్లికో, షిట్జూ లాంటి చిన్న కుక్కకో ఇది బాగానే ఉంటుంది, మనతోపాటు క్యాబిన్‌లోకి తీసుకునే సంస్థలో టికెట్ దొరికితే. ఆకాసా ఎయిర్ 2022 నవంబర్ నుంచి తీసుకుంటోంది, ఎయిర్ ఇండియా కూడా తీసుకుంటుంది. ఇండిగో తీసుకోదు. బోనుతో కలిపి బరువుకి పరిమితి ఉంటుంది, ఒక్కో విమానంలో ఎన్ని జంతువులకి చోటన్నదానికీ లెక్క ఉంటుంది, అందుకే టికెట్ కొనకముందే ఫోన్ చేసి పెట్ బుకింగ్ ఖాయం చేసుకోండి. లడ్డు అంత బరువున్న కుక్క అయితే కింద సామాన్ల అరలో పోవాలి. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కువాటికి వేడిలో, ఒత్తిడిలో ఊపిరి ఆడదు. వాటిని విమానం అరలో పెట్టొద్దు. నిద్రమాత్ర వేసి పంపేద్దాం అని కొందరంటారు. మత్తులో ఉన్న జంతువు రక్తపోటు, ఊపిరి పైన ఆకాశంలో ఎవరు చూస్తారు? డాక్టర్ చెప్పకుండా ఏ మాత్రా వేయొద్దు.

డబ్బు తీసుకుని ఇంటి దగ్గర నుంచి ఇంటి దగ్గరికి చేర్చే ఏజెంట్లూ ఉన్నారు. బండి ఎవరిది, దాంట్లో వేరే జంతువులు ఉంటాయా, దారిలో ఎన్నిసార్లు ఆపుతారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ మాటలకి సరిగ్గా జవాబు చెప్పలేనివాళ్లకి ఇవ్వొద్దు. ఎలా తీసుకెళ్లినా డాక్టర్ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం దగ్గరుండాలి. 1978 జంతు రవాణా నిబంధనల్లోనే కుక్కలకీ పిల్లులకీ అది అడిగారు.

పక్షులు, చేపల సంగతి రెండు మాటల్లో. లవ్‌బర్డ్స్‌ని పంజరం మీద గుడ్డ కప్పి కార్లో తేవచ్చు. మన రామచిలుకని ఇంట్లో ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, కాబట్టి దాన్ని తేవడం అన్న మాటే లేదు. చేపల్ని అక్వేరియం షాపులో ఆక్సిజన్ నింపిన కవర్లలో కట్టించుకుని, ఫిల్టర్‌లోని స్పాంజిని కడగకుండా పాత నీళ్లలోనే తడిగా తెచ్చుకోండి. చేపల్ని బతికించే బాక్టీరియా అందులోనే ఉంటుంది.

వెంటనేనా, తర్వాతా

సామాన్ల లారీతోపాటే తెచ్చేయాలా, మనం సర్దుకున్నాక తేవాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. అమ్మానాన్నల ఇంట్లో అలవాటున్న కుక్క అయితే వారం అక్కడే ఉంచి తర్వాత తేవడం హాయి. కొత్త బోర్డింగ్‌లో పదిహేను రోజులు పెట్టి, అక్కడి నుంచి మళ్లీ కొత్త ఇంటికి తెస్తే దానికి రెండు ఇళ్లు మారినట్టు లెక్క. అంతకన్నా మొదటి రోజే తెచ్చి ఒక గది దానికి వదిలేయడం నయం. తప్పనిసరై బోర్డింగ్‌లో పెడితే కెన్నెల్ కాఫ్ (ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే దగ్గు) టీకా ముందే వేయించండి.

పిల్లిని మాత్రం వెంట తెచ్చుకోండి. సామాన్లు ఎక్కించే రోజు, దించే రోజు దాన్ని బాత్రూమ్‌లో గానీ చిన్న గదిలో గానీ పెట్టి, తలుపు మీద "లోపల పిల్లి ఉంది, తీయొద్దు" అని పెద్దక్షరాలతో అంటించండి. సామాన్లు మోసే కుర్రాళ్లకి తెలుగు రాదు కాబట్టి హిందీలో కూడా రాయండి. ఇల్లు మారేటప్పుడు తప్పిపోయిన పిల్లుల కథలు నేను విన్నవన్నీ ఆ తెరిచిన తలుపుల కథలే.

మొదటి మూడు వారాలు

పాత దుప్పటి ఉతక్కుండా తెచ్చి పరవండి. గిన్నె, మట్టి తొట్టి, తాడు అన్నీ పాతవే ఉండనివ్వండి. కొత్త ఇల్లు కదా అని కొత్తవి కొనే పని ఇప్పుడు పెట్టుకోవద్దు. వాసనే దానికి ఇల్లు.

చిట్టి దిగిన రోజు వాషింగ్ మెషీన్ వెనక దూరింది. రెండు కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. లాగడానికి చెయ్యి పెడితే ఇంకా లోపలికి పోయింది. అలాగే వదిలేసి, పక్కనే నీళ్లు పెట్టి తలుపేసేశాం. రాత్రి రెండింటికి గిన్నె చప్పుడైంది. మూడో రోజు హాల్లోకి వచ్చి సోఫా కాలికి బుగ్గ రాసింది. పిల్లికి మొదట ఒకే గది, తర్వాత రెండోది, అలా ఇవ్వాలి. బయట తిరిగే అలవాటున్న పిల్లినైనా మూడు వారాలు గడప దాటనివ్వొద్దు, పాత ఇంటిని వెతుక్కుంటూ పోతుంది. రెండు రోజులు పూర్తిగా తిండి మానేస్తే మాత్రం అలక అనుకుని ఊరుకోకండి, పిల్లులకి ఉపవాసం లివర్ మీద పడుతుంది. మగపిల్లి మట్టి తొట్టిలో మళ్లీ మళ్లీ కూర్చుని మూత్రం రాక అవస్థ పడుతుంటే అది అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిన సంగతి.

కుక్కకి మొదటి వారం ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా సెలవు పెట్టుకోండి. తాళం వేసి పోతే ఏడ్చి మొరుగుతుంది, పక్కవాళ్లతో మొదటి పరిచయం ఫిర్యాదుతో మొదలవుతుంది. రెండో రోజు నుంచి ఐదు నిమిషాలు, తర్వాత పావుగంట, అలా ఒంటరిగా ఉండడం అలవాటు చేయాలి. బెంగళూరు ఖాళీ సైట్లలో గడ్డి ఎక్కువ, గోమార్లూ ఎక్కువే. ఎర్లీషియా, బెబీసియా అనే జ్వరాలు వాటి వల్లే వస్తాయి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే ఆలస్యం చేయొద్దు. గోమార్ల మందు ఇక్కడికి రాకముందే మొదలుపెట్టండి.

డాక్టర్‌ని కూడా సామాన్లు దించకముందే చూసుకోవాలి. ఇంటికి దగ్గర్లో ఒకరు, అర్ధరాత్రి తెరిచి ఉండే చోటు ఒకటి, రెండు నంబర్లూ ఫోన్‌లో ఉండాలి. ప్రభుత్వ వైద్యం కావాలంటే హెబ్బాళలో 1958 నాటి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, క్వీన్స్ రోడ్డులో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. మెడలో బిళ్ల మీద కొత్త ఫోన్ నంబరు, మైక్రోచిప్ ఉంటే దాని రికార్డులో కొత్త అడ్రసు, ఇవి దిగిన రోజే మార్చేయండి.

ఊళ్లోనే మారుతుంటే

మారతహళ్లి నుంచి కగ్గదాసపురకి మారినప్పుడు దూరం పట్టుమని పది కిలోమీటర్లు లేదు. అలాంటప్పుడు ఒక అవకాశం ఉంది, దాన్ని వదులుకోవద్దు. అడ్వాన్స్ ఇవ్వకముందే కుక్కని ఆ ఇంటికి తీసుకెళ్లొచ్చు. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య వెళ్లండి. వీధికుక్కలు బయటికొచ్చే టైము, బండ్లు తిరిగే టైము, పిల్లలు ఆడుకునే టైము అదే.

మేం మూడు ఇళ్లకి అలా తీసుకెళ్లాం. మొదటిదాంట్లో మెట్లు ఇనుపవి, సందులున్నవి, లడ్డు ఎక్కలేదు. రెండోదాని ఎదురుగా ఐదు కుక్కలు, ఒక్కదానికీ చెవి కత్తిరించి లేదు. మూడో ఇంటి దగ్గర గేటు తీసిన పెద్దావిడ నాకన్నా ముందు వాడినే చూసింది. "ఏమ్మా, నాయి ఉందా? కచ్చుతాదా?" అని తెలుగూ కన్నడం కలిపి అడిగింది. "లేదమ్మా, కరవడు, భయస్తుడు" అన్నాను. ఆవిడ గడప మీదే కూర్చుని చెయ్యి చాపి, కదలకుండా ఉండిపోయింది. లడ్డు నా కాళ్ల వెనక నుంచి మెడ చాచి ఆవిడ వేళ్లు వాసన చూశాడు. తర్వాత ఆవిడని దాటి మెట్ల దగ్గరికి పోయి, మూడు మెట్లు ఎక్కి, నేను వస్తున్నానా లేదా అని వెనక్కి తిరిగి చూశాడు. ఆ రాత్రే అడ్వాన్స్ పంపించాం.